శుక్రవారం ఫోన్‌లో చెప్పని మాట

బిర్కత్ అల్ అవామిర్ క్యాంప్, ఖతార్,
బుధవారం.

చిరంజీవి మాలతిని బాపు దీవించి రాసేది. ఇక్కడ నేనూ, మా రూములోని వాళ్ళూ కులాసా. చలికాలం కాబట్టి డ్యూటీ కొంచెం తేలిగ్గానే ఉంది. అక్కడ నువ్వూ, మీ అమ్మా, రాములవ్వా, పెద్దబాపూ అందరూ బాగున్నారని తలుస్తాను. సెలవు మీద వస్తున్న మన ఊరి నర్సింగ్ చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. రేపు రాత్రికల్లా నీకు చేరుస్తాడు.

మామిడికాయ తొక్కు డబ్బాలో పెట్టి పంపిన నీ చీటీ నూనెలో మునిగి వచ్చింది. అయినా ఒక్క అక్షరం పోలేదు. తొక్కు మాత్రం రెండు పూటలకే రూమువాళ్ళు ఊడ్చేశారు. నీ ప్రశ్నలన్నిటికీ జవాబు రాస్తాను. ఆఖరిది మాత్రం ఆఖరికే.

స్టేడియంలో గడ్డి నిజందే. అల్ రయ్యాన్‌లోని ఆ స్టేడియం బయట కాలిబాట రాళ్ళు పరిచింది మేమే. అప్పుడు గేటు దాటనివ్వలేదు. ఈసారి ఫుట్‌బాల్ ఆసియా కప్‌కు కంపెనీ టికెట్లిచ్చింది కాబట్టి దర్జాగా కుర్చీలో కూర్చున్నాను.

మనవాళ్ళు ఎందుకు ఓడిపోయారని అడిగావు. ఉజ్బెకిస్తాన్ వాళ్ళు మూడు గోల్స్ కొట్టారు, మనవాళ్ళు ఒక్కటీ కొట్టలేదు. అంతకు మించి నాకేం తెలుసు తల్లీ. తెలిసినవాడు నా పక్కన కూర్చున్న బుర్హానుద్దీన్ భాయ్. మా క్యాంప్‌లో వంట చేస్తాడు, హైదరాబాద్ ఆయన. ఆట అయిపోయాక బస్సు కోసం నిలబడ్డప్పుడు ఒకటే గొణుగుడు.

"మా అబ్బాజాన్ ఫతే మైదాన్ల బూట్లు లేకుంట ఆడిండు భూమేష్. అప్పుడు మన దేశం టీమ్‌ల ఎంతమంది హైదరాబాదోళ్ళుండేటోళ్ళో! ఒలింపిక్స్‌ల నాలుగో నంబరొచ్చిండ్రు, ఆసియాల గోల్డ్ కొట్టిండ్రు. అప్పుడు ఈ ఖతార్‌కు టీమే మాఫీ, అసలే లేకుండె! ఇప్పుడు సూడు, వీళ్ళు ఛాంపియన్లు. మన దిక్కు బాల్ ముట్టేటోడే లేడు."

నాకు పౌరుషం వచ్చింది. "ఎందుకు లేరు భాయ్? నా బిడ్డ ఆడుతది. హైదరాబాద్ ఆటల హాస్టల్‌కు సెలెక్ట్ అయింది" అన్నాను.

"మాషా అల్లా! మరి ఎప్పుడు పంపుతున్నవ్?"

డ్రైవర్ "యల్లా, యల్లా" అని తొందరపెడుతుంటే అదే సాకుగా బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. బుర్హానుద్దీన్ భాయ్ వచ్చి పక్కనే కూర్చుని, ఇండియా ఆడపిల్లల టీమ్ ఆడిన ఆట ఫోన్‌లో పెట్టి చూపించాడు. ఆడపిల్లలకు టీమ్ ఉందా అని అడిగావు కదా, ఉంది. వాళ్ళల్లో ఒక పిల్ల నీలాగే జడను పైకి ముడేసుకుంది. క్యాంప్ వచ్చేదాకా నేను ఆమెనే చూశాను.

ఇక నీ ఆఖరి ప్రశ్న. "బాపూ, ఆ శుక్రవారం సిగ్నల్ పోకపోతే నువ్వు ఏం చెప్పేటోడివి?" అని అడిగావు.

సిగ్నల్ పోలేదు బిడ్డా.

మీ పెద్దబాపు స్పీకర్ పెట్టి, "ఆడివిల్ల చెడ్డీలేసుకొని ఊళ్ళపొంటి తిరుగుడేంది? నువ్వే చెప్పు భూమేష్" అన్నాడు. నాకు మీ అందరి ఊపిరీ వినపడుతోంది. లింబాద్రి అన్న నన్ను భుజాల మీద మోసి పెంచిన మనిషి. ఆయన మాటకు నేనెన్నడూ ఎదురు చెప్పలేదు. అవునంటే నీకు అన్యాయం, కాదంటే ఆయనకు అవమానం. అందుకే "హలో, హలో, వినపడతలేదు" అని నేనే కట్ చేశాను. నువ్వు నా జవాబు కోసం నిలబడి ఉంటావని తెలిసే కట్ చేశాను.

ఆదివారంలోగా ఇంటివాళ్ళు ఒప్పుకోవాలని మీ ఆటల టీచర్ షమ్సున్నీసా మేడం చెప్పిందన్నావు. ఎల్లుండి శుక్రవారం ఫోన్ చేస్తాను. ఇది ఉత్తరంలో రాసి నీ చాటున దాక్కునే మాట కాదు, అన్నకు నా నోటితోనే చెప్పాలి. అమ్మతో చెప్పి నీ బట్టలు సర్దించుకో. ఫోన్ రాగానే స్పీకర్ ఆన్ చెయ్యి. పెద్దబాపును పక్కనే కూర్చోబెట్టు. నేను మళ్ళీ "హలో, హలో" అంటే మాత్రం నమ్మొద్దు. టవర్ మా క్యాంప్ గోడకు ఆనుకునే ఉంది.

ఇట్లు,
నీ బాపు
భూమేష్