మోగే బొగ్గు

నాయనా,

నువ్వు పోయి నేటికి ఏడాది. కొనకనమిట్ల బట్టీలో నువ్వు చివరిసారి కాల్చిన సర్కారు తుమ్మ బొగ్గును, యాక్టివేటెడ్ కార్బన్ చేద్దామని మా కాలేజీ ల్యాబుకు తెచ్చుకున్నాను. రెండు చిన్న సంచులు. ఒక్కో ముక్కనూ రాయికి తట్టి, మోగేవి ఒకదాంట్లో, మోగనివి ఇంకోదాంట్లో వేసినావు.

"గంట మాదిరి మోగితేనే కాలినట్టు పాపా" అనేవాడివి.

"చెవి కాదు నాయనా, మీటరు చెప్పాల" అని నవ్వేదాన్ని.

ఈరోజు మీటరు చెప్పింది. మోగే బొగ్గులో కరెంటు బాగా పారింది. మోగని దాంట్లో దాదాపు పారనే లేదు. బాగా కాలిన బొగ్గులోనే కరెంటు పారుతుంది నాయనా.

కొలవాలంటే బొగ్గును మెత్తగా నూరాలి. మొత్తం నూరేశాను. ఆ గంట చప్పుడు ఒక్కసారి వినాలనిపించి ఇందాక నీ మోగే బొగ్గు సంచిలో చెయ్యి పెట్టాను. ముక్క ఒక్కటీ తగల్లేదు.