రేవు రేడియో మొదటి మాట

ముద్దుల విన్నీ అక్కకు,

ఫోనులో చెప్తే నీకు సగం వినపడదు, నాకు సగంలోనే ఏడుపొస్తుంది. అందుకే రాస్తున్నాను. రేడియో మూసేస్తున్నానక్కా. ఈ శుక్రవారంతో సరి. మీ ఇంటి వెనక గదిలో సామానుంటే తీయించు, వచ్చి నీ దగ్గర పడి ఉంటాను.

అలసిపోయాను. మనుషుల చావులు చదివి చదివి గొంతు అరిగిపోయింది. ఈ స్పెయిన్‌లో పోయినవాళ్ళను మర్నాటికల్లా సాగనంపేస్తారని నీకు నేను చెప్పాలా? మా ఆయన లెస్లీ పోయినప్పుడు మన ఇంగ్లండులోలాగే రెండు వారాలు ఉంచుతారనుకుని నువ్వు తీరిగ్గా టికెట్టు కొన్నావు. ఇక్కడి ఇంగ్లీషువాళ్ళూ అలాగే అనుకున్నారు. శవపెట్టె మోయడానికి పక్కింటి విసెంటా కొడుకులే దిక్కయ్యారు. నువ్వు ఫోను చేస్తే "అయిపోయిందక్కా" అన్నాను. నేనేదో కావాలని నిన్ను రానివ్వనట్టు ఏడాదిపాటు నాతో మాట్లాడలేదు నువ్వు. ఆ ముల్లు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఆ ఉక్రోషంతోనే, ఓడల్లో వైర్‌లెస్ పని చూసిన రాయ్‌ని పట్టుకుని, చేపల కొట్టు మీది గదిలో ఈ రేవు రేడియో పెట్టాను. పొద్దున్నే మొదటి మాట: ఎవరు పోయారు, శ్మశానానికి ఏ వేళకు రావాలి. పాటలూ, తప్పిపోయిన కుక్కలూ, కొట్ల ప్రకటనలూ తర్వాత వచ్చి చేరినవే. ఇప్పుడు రాయ్ లేడు. అందరి చేతుల్లోనూ ఫోన్లున్నాయి. "ఫోను గ్రూపులో పెడితే చాలదా డోరీన్, ఈ వయసులో నీకెందుకీ తంటా?" అంటున్నారు. చాలుతుందేమోలే.

నీ చెల్లెలు,
డోరీన్

*

అక్కా,

గది సంగతి కాస్త ఆగు. పాటల్లో గోల ఎక్కువైందని వారం వారం నన్ను ఫోనులో తిట్టే ముసలాయన బెర్నార్డ్ గుర్తున్నాడా? రేడియో మూసిన వారంలోనే పోయాడు. గ్రూపులో పెట్టారట. విసెంటా వచ్చి తలుపు బాదితేగానీ నాకే తెలియలేదు. వెళ్ళి చూస్తే శ్మశానంలో మేమిద్దరమే. మేస్త్రీ పెట్టెను సమాధుల గోడ అరలోకి తోసి, ఇటుకలు పేరుస్తున్నాడు.

"ఊరి నిండా మీవాళ్ళేగా, ఒక్కడూ రాడేమే? నీ రేడియోకి ఏం రోగం?" అంది విసెంటా.

"మూసేశాను."

"మూసేసిందట! మరి చావుకి కూడా చెప్పావా, ఇకమీద ఇటు రావొద్దని?"



సాయంత్రానికి ఫోన్లు మొదలయ్యాయి. "ఇప్పుడే చూశాం డోరీన్, ఎప్పుడు తీసుకెళ్తున్నారు?" అయిపోయిందన్నాను. ఒకరి తర్వాత ఒకరికి, అయిపోయింది, అయిపోయింది. ఆనాడు నీకు చెప్పిన మాటేగా అక్కా! లెస్లీ పోయినప్పుడు కూడా అంతగా ఏడవలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్ళీ మైకు ముందు కూర్చున్నాను. అలసట ఎక్కడికీ పోలేదు. అవే మెట్లు, అవే మోకాళ్ళు. బెర్నార్డ్ పేరు ఆలస్యంగానైనా చదివి, ఆయన మెచ్చే నెమ్మది పాట ఒకటి వేశాను.

నేను రాను. నువ్వే రా. నా తర్వాత పేర్లు చదవమని విసెంటా కోడలికి నేర్పుతున్నాను, నా పేరూ ఆ పిల్లే చదువుతుంది. కానీ మా రేడియో మీ ఊరిదాకా వినపడదు. లెస్లీకి అందలేకపోయావు. నాకైనా అందాలంటే, ముందే వచ్చి ఉండు.

ఎదురుచూస్తూ,
డోరీన్