హెల్మెట్ మీది కుంకుమ బొట్టు

సోమవారం రాత్రి

బుజ్జీ, పొద్దున నీ స్నేహితుడు రఫీ ఎర్రగుంట్లలోని సిమెంటు ఫ్యాక్టరీకి పోతూ మన ఇంటి ముందు బండి ఆపాడు.

"హెల్మెట్ యాడ నాయనా?"

"అది పెట్టుకుంటే జుట్టు ఊడిపోతాది పెద్దమ్మా. ఈడికే కదా పోతాండేది!" అని నవ్వాడు.

"ఊడితే ఊడనీ, తల ఉండాల గదప్పా!"

బండి మీద నుంచి పడి నువ్వు పోయిన రోజు కూడా వాడి మాదిరే జుట్టు మాట చెప్పి, ఇట్లనే నవ్వినావు.

లోపలికి పోయి నీ హెల్మెట్ తెచ్చాను. బండి పూజ నాడు నేను పెట్టిన కుంకుమ బొట్టు దాని మీద అట్లనే ఉంది. నువ్వు ఒక్కసారైనా పెట్టుకుంటివా... రఫీ నవ్వు ఆపి, దాన్ని తలకు పెట్టుకున్నాడు.

సాయంత్రం వాడు వచ్చేదాకా గడపలోనే కూర్చున్నాను. దారి దుమ్ముకు బొట్టు చెరిగిపోయింది. వాడికి సంగటి పెట్టాను.

యాడున్నా నువ్వూ కడుపు నిండా తిను నాయనా.