మిద్దెతోట బస్తాలు

తెల్లాపూర్

మన అపార్ట్‌మెంట్ల సంఘం అధ్యక్షులు విశ్వేశ్వరరావు గారికి,

మన మిద్దెతోటలో ఇంకా విత్తనం కూడా పడలేదు, అప్పుడే పర్యావరణ పురస్కారానికి ఫొటోలు పంపారట. అభినందనలు. ఫ్యాక్టరీలు వాడేసిన జంబో బస్తాల్లో మట్టి నింపి పాలకూర పెంచడం గొప్ప ఆలోచనే. "వాటిలో ఇంతకుముందు ఏముండేదండీ?" అని నేనడిగితే, "ఏదో పొడి లెండి, కడిగించేశాం" అన్నారు. ఫొటోలో బాగుండవని లేబుళ్ళు కూడా కత్తిరించి పారేయించారు.

కడిగింది తోటపని చేసే బాలమణి, వట్టి చేతులతో. మర్నాటికి వేళ్ళన్నీ బొబ్బలెక్కాయి. "జర మంటయితుంది మేడమ్. పెద్దసారేమో ఫికర్ లేదన్నడు" అంది. ఆసుపత్రికి తీసుకెళ్తే డాక్టరు గారు అది ఏ పొడో చెప్పమన్నారు. తిరిగొచ్చి చెత్తకుప్ప వెతికితే ఒక లేబుల్ దొరికింది. పురుగుమందు.

బియ్యమో పంచదారో మోసిన బస్తాలైతే నేనే మట్టి నింపేదాన్ని. ఇవి మాత్రం కూరలకు పనికిరావు. అమ్మినవాడికే తిప్పి పంపి, అతని చేతే రసాయనాల బస్తాలు తీసుకునే రీసైక్లింగ్ కేంద్రానికి చేర్పించండి. ఆదివారం విత్తనాలు చల్లే వేడుకకు నేను రాను.

ఇంకొక్క మాట. బాలమణి వేళ్ళకు చర్మం ఊడిపోయి వేలిముద్ర పడటం లేదు. ఆమె రోజూ పనికొస్తున్నా, గేటు దగ్గరి హాజరు యంత్రం వారంగా రాలేదనే చెబుతోంది. ఒకసారి కిందికి దిగి ఆ చేతులు చూసి, హాజరు మీరే స్వయంగా రాయండి.

ఇట్లు,
ఆరో బ్లాకు నివాసి