ఆయన గొంతు

ఆదివారం, రాత్రి

ఇరవై ఏండ్ల సంది ఫంక్షన్లల్ల ఆ సినిమా కమెడియన్ గొంతు మిమిక్రీ చేసే బతుకుతున్న. ఆయన పోయి మూడు రోజులాయె, నాకు నోరు తెరవబుద్ధి కాలేదు.

ఇయ్యాల రాంగోపాల్‌పేట్‌ల అభిమానుల సంతాప సభకు పోయిన. ఫోటోకు దండేసి వెనక కూసున్న. ఒకతను నన్ను గుర్తుపట్టి, "అన్నా, ఒక్కసారి ఆయన లెక్క మాట్లాడవా?" అన్నడు. సభ పెట్టిన పెద్దమనిషికి కోపమొచ్చింది. "పోయినాయన గొంతుతోని నవ్వులాటలా?" అన్నడు. నా భయం సుత గదే. లేవలేదు.

ముందల కూసున్న ముసలమ్మ నా దిక్కు తిరిగింది. "మా ఇంటాయన పోయినప్పుడు నన్ను మళ్ల నవ్వించింది ఈయన సినిమాలే. నువ్వు చెయ్యి బిడ్డా" అన్నది.

మైకు పట్టుకున్న. ఆయన ఆటోవాలాతోని బేరమాడితే ఎట్లుంటదో షురూ చేసిన. సగంల ఆయన గొంతు తప్పి నా గొంతు బయటపడ్డది. జెర ఆగి మళ్ల అందుకున్న. మొదలు ముసలమ్మ నవ్వింది, తర్వాత హాలంత నవ్వింది. ఆ పెద్దమనిషి కండ్లు తుడుసుకుంటనే నవ్విండు.

తప్పో ఒప్పో నాకింకా తెల్వది. రేపు నేరేడ్‌మెట్‌ల రిసెప్షన్ ఉన్నది. ఆయన గొంతు వద్దన్నరు వాళ్లు, అశుభమట. పొద్దుగాలనే ఫోన్ చేసి చెప్తా: ఆయన లేకుంటే నేను సుత రాను.