కత్తి పట్టుకుని ప్రార్థన

వదినా, వందనాలు. ప్రభువు దయవల్ల అందరం బాగున్నాం. షాపు సంగతే మీ చెవిన వేయాలి.

గడ్డం గీసే ముందు మీ తమ్ముడు ప్రార్థన చేస్తారని మీకు తెలుసుగా. మొన్న ఓ కొత్త మనిషి గొంతు దగ్గర కత్తి పెట్టి, కళ్లు మూసుకుని, "ప్రభువా, ఈ బిడ్డను నీకు అప్పగిస్తున్నాను" అన్నారు. అతను ముఖం నిండా నురగతో, మెడ చుట్టూ గుడ్డతో వీధిలోకి పరిగెత్తాడు. ఇలాగైతే షాపు మూసుకోవాల్సిందే అని నేను తల పట్టుకుంటే, ఈయన "ప్రభువే తీసుకొస్తాడులే" అని నిబ్బరంగా కత్తి తుడుచుకున్నారు.

నిజంగానే సాయంత్రం తిరిగొచ్చాడు. "ఎదుటి షాపువాడు ఫోన్లో మాట్లాడుతూ గీస్తున్నాడమ్మా. ఈయన నయం, దేవుడితో మాట్లాడతాడు" అంటూ కుర్చీలో కూర్చున్నాడు.

ఇక ఈయన నా మాట వింటారా? మీరైనా ఓ ముక్క రాయండి వదినా. ప్రార్థన మానొద్దు, కళ్లు మాత్రం తెరిచి చేయమనండి.

మీ మరదలు