మూడు చక్రాలు, నాలుగు నిమ్మకాయలు

అబిడ్స్, ఇంద్రసేన గారికి, విమానాల మ్యూజియం నుంచి నమస్కారాలు.

మొన్న మీరు, మీ శ్రీమతి కారులో టెంటు పెట్టుకుని ఊళ్లు తిరుగుతూ మా ఊరి మ్యూజియానికి వచ్చారు. మీరు వెళ్లాక మా పాత విమానం చక్రాల కింద మూడు నిమ్మకాయలు, పైలట్ సీట్లో ఒకటి, ముక్కు మీద కుంకుమ కనిపించాయి. సందర్శకుల పుస్తకంలో "పూజ బాగా జరిగింది" అని రాసి సంతకం పెట్టింది మీరొక్కరే. వివరణ ఇవ్వగలరు.

ఇట్లు,
శ్రీవిద్య, మ్యూజియం అధికారి

తా.క.: కుంకుమ పోవడం లేదు.

*

అమ్మా శ్రీవిద్యా, ఆశీస్సులు.

ఇంత శ్రద్ధగా అడిగినందుకు సంతోషం. కారు అలవాటు కొద్దీ నాంపల్లి స్టేషన్ ముందు నాలుగు కొన్నాను. మీ విమానానికి మూడే చక్రాలని అక్కడికొచ్చాకే తెలిసింది. మిగిలినది పారేయడానికి మనసొప్పక డ్రైవర్ సీట్లో పెట్టాను. మీ వాచ్‌మన్ చూస్తున్నాడని కొబ్బరికాయ మాత్రం కొట్టలేకపోయాను. అబిడ్స్ పోస్టాఫీసు నుంచి పార్శిల్ చేస్తున్నాను. మీ చేత్తో కొట్టండి.

మీ శ్రేయోభిలాషి,
ఇంద్రసేన

తా.క.: కుంకుమ పోకపోవడం శుభమే.

*

అయ్యా, నమస్కారం.

కాయ అందింది. ఇక్కడ కొబ్బరికాయలు కొట్టడానికి నిబంధనలు ఒప్పుకోవు. అసలు సంగతి మీకు తెలియదనుకుంటాను. ఆ విమానానికి ఇంజనే లేదు. నలభై ఏళ్లుగా కదల్లేదు, ఇక కదలదు. దయచేసి ఆశ పెట్టుకోవద్దు.

విధేయురాలు,
శ్రీవిద్య

తా.క.: కాయ పాడవుతుందని మా సిబ్బంది పచ్చడి చేశారు. క్షమించాలి.

*

గౌహతి నుంచి, శ్రీవిద్యకు ఆశీస్సులు.

అది ఎగరదని నాకు తెలియదా తల్లీ! మా అమ్మాయి రశ్మి ఇక్కడే ఉంటుంది. ఈ నెల పురుడు. రైలంటే రెండున్నర రోజులు, పైగా టికెట్లు దొరకలేదు. విమానమంటే మా ఆవిడ విద్యావతి "పూజ చెయ్యని బండి నేనెక్క" అని మొండికేసింది. విమానాశ్రయంలో చక్రాల దగ్గరికి మనల్ని ఎవరు పోనిస్తారు? అందుకే మీ దగ్గరికి తీసుకొచ్చాను. ఆ వంశానికి మీ విమానం పెద్దది కదా, దానికి చేస్తే పిల్ల విమానాలన్నిటికీ చెందుతుందన్నాను. చాలాసేపు దాని రెక్క మీద చెయ్యేసి నిలబడి, "ఔ, గిట్లయితే ఎక్కుతా" అంది. ఎక్కింది. గురువారం మనవరాలు పుట్టింది. అమ్మమ్మ పక్కనే ఉంది. నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఇంద్రసేన

తా.క.: కిటికీ సీటు నాకివ్వలేదు.

*

బాబాయిగారికి నమస్కారాలు. పాపకు ముద్దులు.

మీ ఫైలు మూసేశాను. ఇది ఫైల్లో పెట్టని ఉత్తరం. పదకొండేళ్లుగా విమానాల గురించి ఊరందరికీ చెబుతున్నాను గాని, నేను ఇంతవరకు ఒక్కటీ ఎక్కలేదు. భయం. మీ ఊళ్లో, ఖైరతాబాద్‌లో మీటింగ్ ఉన్నప్పుడల్లా ఏదో వంక చెప్పి ఇక్కణ్ణుంచి రాత్రంతా రైల్లోనే వస్తాను. మీ ఉత్తరం చదివి, పై నెల మీటింగుకు విమానం టికెట్ తీసుకున్నాను. ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మీ
శ్రీవిద్య

తా.క.: నేల విడిచేటప్పుడు పిన్నిగారు కళ్లు మూసుకున్నారా, తెరిచే ఉంచారా? తిరుగు టపాలో రాయండి.